గ్రామం కాదు, వాడ అని రాయండి

పేరు తాయమ్మ. భర్త కీర్తిశేషులు ఎల్లప్ప. వయస్సు యాభై తొమ్మిది సంవత్సరాలు. వృత్తి కూలి, జూన్, జూలై మాసాలలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయ కోత, మిగిలిన పది నెలలూ దొరికిన పని. నివాసం పూతలపట్టు మండలం నరిగుట్టపల్లె ఆది ఆంధ్రవాడ. ఈ పరిచయాన్ని రాస్తున్న జయరావుకు, అనగా పూతలపట్టు కూడలిలో జిరాక్సు దుకాణం వరండాలో బల్ల వేసుకుని అర్జీలు రాసే డెబ్బై మూడేళ్ళ విశ్రాంత ఉద్యోగికి, ఆమె ముప్పై ఒక్క సంవత్సరాలుగా తెలుసు.

ఆ ముప్పై ఒక్క సంవత్సరాలలో ఆమె అతనిచేత, ఇప్పటిది కాక, తొమ్మిది అర్జీలు రాయించింది. మొదటిది ఇంటి స్థలం కోసం. అప్పట్లో జయరావు ఒక కార్యాలయంలో నకళ్ళు రాసే గుమాస్తా. అర్జీ పూర్తిచేసి, వేలిముద్ర వేయమని సిరా డబ్బీ ముందుకు జరిపితే ఆమె దానిని వెనక్కి తోసింది.

"ఉండన్నా, సంతకం నేర్చుకోని వస్తా" అని చెప్పి వెళ్ళిపోయింది.

గదిలో ఉన్నవారంతా నవ్వారు. నలభై రోజుల తరువాత ఆమె వచ్చి, అదే కాగితం అడిగి తీసుకుని, గీతలు వంకరపోయినా సరే, తన పేరులోని మూడు అక్షరాలూ తన చేతితోనే దించింది. ఇంటి స్థలం ఆ మేరకు ఆలస్యమైంది. అందుకు ఆమె ఏనాడూ చింతించలేదు. తరువాత అచ్చులో ఉన్నది కూడబలుక్కుని చదవడమూ నేర్చుకుంది. అక్షరం విషయంలో తాయమ్మ అప్పుడెంత మొండిదో ఇప్పుడూ అంతే మొండిది. జరిగినదంతా ఆ మొండితనం చుట్టూనే జరిగింది కనుక ముందుగా దీనిని విన్నవించడమైనది.

నరిగుట్టపల్లె ఊరు మెరకలో ఉంటుంది, వాడ పల్లంలో ఉంటుంది. రెంటికీ నడుమ ఒక వంక, అనగా చిన్న వాగు. రికార్డులలో ఊరు తన పేరుతో నిలబడగా, దళితులుండే వాడ అదే పేరుకు 'ఆది ఆంధ్రవాడ' అన్న తోక తగిలించుకుని నిలబడింది. కరెంటు బిల్లులో ఆ తోకను మూడు ఇంగ్లీషు అక్షరాలకు కుదిస్తారు: ఏ ఏ డబ్ల్యూ. ఊరికి మెరక మీది బోరునుండి ట్యాంకు, ట్యాంకునుండి కుళాయిలు ఉన్నాయి. వాడలోని నలభై రెండు ఇళ్ళకూ కలిపి వంక గట్టున ఒకే ఒక చేతిపంపు ఉంది. దానిని అక్కడ బోరింగు అంటారు.

వంకకు ఎగువన గుజ్జు ఫ్యాక్టరీ వెలిసి పద్నాలుగేళ్ళయింది. సీజన్ వచ్చిందంటే తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరుతాయి. వాడ ఆడవాళ్ళకు ఆ రెండు నెలలూ చేతినిండా పని. ఫ్యాక్టరీ వద్దని తాయమ్మ ఎన్నడూ అనలేదు. సొన పడి బొబ్బలెక్కిన వేళ్ళతోనే ఆమె కొడుకు పెండ్లి చేసింది. స్టెల్లాను కోడలిగా తెచ్చుకుని, మరుసటి సీజన్‌లో తన పక్కనే నిలబెట్టి కత్తి పట్టడం నేర్పింది.

అయితే కాయలు కడిగిన నీళ్ళు, యంత్రాలు కడిగిన నీళ్ళు, కుప్పపోసిన తొక్కలు కుళ్ళి కారిన ఊట, ఇవన్నీ ఫ్యాక్టరీ వెనుక కుంటలో చేరి, కుంట నిండినప్పుడల్లా తూము తలుపు ఎత్తడంతో వంకలోకి వస్తాయి. ఆరేళ్ళుగా ఆ రెండు నెలలలో బోరింగు కొడితే టీ డికాషను రంగు నీళ్ళు పడుతున్నాయి. బిందె మూత తీస్తే పులిసిన వాసన. మధ్యాహ్నం కెలికిన సంగటి ముద్ద సాయంత్రానికి తీగ సాగుతుంది. స్టెల్లా కూతురు కోమలికి ఆరేళ్ళు. ఆ బిడ్డ మోచేతి మడతలలో సీజన్ పొడవునా పుండ్లు, సీజన్ పోయిన రెండు నెలలకు గాని మానవు. తాగే నీళ్ళ కోసం ఆడవాళ్ళు వంక దాటి ఊరి కుళాయి దగ్గరకు పోతారు. అక్కడ వాడ బిందె వరుసలో ఎప్పుడూ చివరిదే.

నిరుడు జూలైలో తాయమ్మ ఈ సంగతి మీద తన తొమ్మిదవ అర్జీ రాయించింది. అధికారులు వచ్చి సీసాలో నీళ్ళు పట్టుకుపోయారని ఊళ్ళో అనుకోగా విన్నది. వాడకు మాత్రం ఎవరూ రాలేదు. ఈ ఏడాది మే నెలలో జవాబు వచ్చింది. జయరావు దానిని తీసుకుని స్వయంగా వాడకు వెళ్ళాడు. చర్చి మెట్ల మీద కూర్చుని, చుట్టూ జనం చేరాక, అక్షరం తప్పిపోకుండా చదివి వినిపించాడు. నరిగుట్టపల్లె గ్రామంలో సేకరించిన నీటి నమూనా తాగుటకు యోగ్యమైనదని తేలినందున అర్జీని ముగించడమైనదని దాని సారాంశం.

"యాడ తీసినారంటన్నా ఆ నీళ్ళు?" అని తాయమ్మ అడిగింది.

జయరావు కళ్ళజోడు సర్దుకుని ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాడు. "గ్రామ పంచాయతీ కార్యాలయం ఎదుట గల కుళాయి."

ముందుగా స్టెల్లాకు నవ్వు వచ్చింది. "అత్తా, మన బోరింగుకు జొరమొస్తే ఊరోళ్ళ కుళాయికి సూది ఏసినారు!"

అందరూ గొల్లుమన్నారు. తాయమ్మ నవ్వలేదు. "వాళ్ళను యాడికి పొమ్మని రాసినావన్నా నువ్వు?"

జయరావు తాను రాసిన ప్రతి అర్జీకి నకలు ఉంచుకుంటాడు. సంచిలోనుండి ఆ నకలు తీశాడు. ఎర్రసిరాతో గీత గీసిన విషయం వరుస పైననే ఉంది. "నరిగుట్టపల్లె గ్రామస్థుల తాగునీటి సమస్య."

"గ్రామస్థులా? మేము ఎప్పుడు గ్రామస్థులమైనామన్నా? నాకు సెప్పనే లేదే!"

"గౌరవంగా ఉంటుందని అలా రాశాను తాయమ్మా. అధికారులకు పంపే కాగితంలో వాడ అని రాయడం ఎందుకని..."

"గౌరవం నీ కాయితానికి, కంపు మా బిందెకు. బాగుండాది."

అని ఆమె ఇంట్లోకి పోయి, దేవుని పటం వెనుక దోపిన కరెంటు బిల్లు తెచ్చి అతని ఒడిలో పెట్టింది. "ఇది సదువు. నా పేరు కింద ఆ మూడు ఇంగిలీసు అచ్చరాలు ఏంది?"

"ఏ ఏ డబ్ల్యూ."

"బిల్లు కొట్టే పిలగాడు ఒక్క నెలన్నా దారి తప్పి ఊళ్ళోకి పోయినాడా? ఆ మూడచ్చరాలు పట్టుకోని సక్కా నా గడపకొస్తాడు. బిల్లుకు పనికొచ్చిన పేరు నీళ్ళకు పనికిరాదా?"

జయరావు ఆ బిల్లును నకలు పక్కన పెట్టి చూశాడు. జరిగిన పొరపాటు ఏ అధికారిదీ కాదని, అది తన కలం చేసినదని అతనికి అర్థమైంది. అతను పుట్టింది ఐరాల వైపు ఒక ఆది ఆంధ్రవాడలోనే. ఉద్యోగంలో చేరిన రోజున చిరునామా రాయమంటే ఊరి పేరు దాకా రాసి ఆపాడు. నాటినుండి నేటిదాకా అక్కడనే ఆపుతూ వచ్చాడు. తాయమ్మ పుట్టినిల్లు ఆ చుట్టుపక్కలే కనుక ఆమెకు ఆ సంగతి తెలుసు. పదిమంది ముందు ఆమె దానిని ఎత్తలేదు. అతనిని సాగనంపుతూ వంక దాటించేటప్పుడు మాత్రం, చెప్పులు చేత పట్టుకుని ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే అంది:

"నీది నువ్వు దాసుకున్నావు. అది నీ ఇష్టమన్నా. మాది దాయొద్దు."

మరో అర్జీ వెంటనే పెడదామని జయరావు తొందరపడ్డాడు. ఆమె ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీ మూసివున్న నెలలో నీళ్ళు పడితే మళ్ళీ మంచివనే తేలుతుందని, కాయ దిగనీయమని, వంకలో నురుగు కనిపించిన నాడు తానే వచ్చి బల్ల ముందు నిలబడతానని చెప్పింది.

జూన్ రెండవ వారంలో కాయ దిగింది. మూడవ వారంలో, ఒక ఆదివారం ప్రార్థన ముగిసిన వేళకు, మునిశేఖర్ మోటారు సైకిలు మీద వాడకు వచ్చాడు. ఇతను ఊరి రైతు కుటుంబంవాడు. ఫ్యాక్టరీలో కూలీలను పిలిచే మేస్త్రి. తాయమ్మ మళ్ళీ అర్జీ పెట్టబోతున్న వార్త అతని చెవిన పడింది. చేతిలో ఒక టైపు చేసిన కాగితం ఉంది.

"ఏమ్మా తాయమ్మా, నీకు మంచి వార్త తెచ్చినా. రోజుకొక ట్యాంకరు. తేట నీళ్ళు. మీ గడపల కాడికే వస్తాది, సీజన్ అయ్యేదాకా. నువ్వు దీనిమీద సంతకం పెడితే నిన్ను సూసి మిగతావోళ్ళు పెడతారు."

"సీజన్ అయినాక?"

"అయినాక వంకలో నీళ్ళే రావు కదా. నీ బోరింగు నీకే."

"భూమిలోకి దిగినాది, కాయ అయిపోయినాదని ఎనక్కి నడిసిపోతాదా అబ్బా?"

అతను కాగితం చాచాడు. తాయమ్మ దానిని తీసుకుని, మెట్టు మీద కూర్చుని, వేలు కింద పెట్టుకుంటూ చదవసాగింది. మునిశేఖర్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. నరిగుట్టపల్లె గ్రామ ప్రజలకు ఫ్యాక్టరీ వలన ఎటువంటి ఇబ్బందియు లేదు అన్న వరుస దగ్గర ఆమె వేలు ఆగింది. ఈసారి తాయమ్మే నవ్వింది.

"నిజమే అబ్బా. ఇందులో ఒక్క అచ్చరం అబద్ధం లేదు. గ్రామానికి ఏమి ఇబ్బంది ఉండాది? మీ అమ్మ మునిలక్ష్మి కుళాయి కింద బిందె పెడితే తేటగా నిండుతాది. దీని కింద ఇంకొక వరస రాయి, ఆది ఆంధ్రవాడకు ఇబ్బంది ఉండాది అని. రాయి, ఈ నిమిసమే సంతకం పెడతా. పెన్ను కూడా నేనే ఇస్తా."

"లేనిపోని పేర్లన్నీ ఎందుకమ్మా? మనమంతా ఒకే ఊరు కదా."

"ఒకే ఊరా? అట్లయితే రేపు పొద్దున్నే మీ కుళాయి కాడ నా బిందె ముందర పెడతా. మీ అమ్మకు ఒక మాట సెప్పి ఉంచు."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మునిశేఖర్ ముఖం కందగడ్డ అయింది. "సరే, రేపు గేటు కాడ మాట్లాడుకుందాం" అని బండి తిప్పాడు. ఆ విసురులో కాగితం తీసుకుపోవడం మరిచాడు. తాయమ్మ గుర్తు చేయలేదు.

మరునాడు గేటు దగ్గర పిలుపుల చీటీలో కాయ కోసే వాడ ఆడవాళ్ళు పదకొండు మంది పేర్లూ లేవు. సద్ది గిన్నెలు మూతలు తీయకుండానే వెనక్కి వచ్చాయి. దారి పొడవునా అందరూ తాయమ్మకు పది అడుగులు ముందే నడిచారు. ఇంటికి చేరాక స్టెల్లా గిన్నెను నేలమీద టంగున పెట్టింది.

"నీ మూడచ్చరాలు మా నోటికాడి కూడు తీసినాయి అత్తా. ట్యాంకరు వచ్చేది, పనీ ఉండేది. ఆ సంతకం పెట్టేసి ఉంటే ఏం పోయేది?"

తాయమ్మ గడపలో కూర్చుండిపోయింది. కోడలి మాటలో తప్పేమీ కనబడలేదు. రెండు నెలల పని అంటే ఏమిటో ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పది పొయ్యిలకు తాను అడ్డం పడ్డానా అన్న అనుమానం మొదటిసారిగా ఆమెను పట్టుకుంది. బయట కోమలి మోచేతిని గోడకు రాసుకుంటోంది. గోకవద్దని తల్లి కొడుతుంది కాబట్టి ఆ బిడ్డ ఆ ఉపాయం కనిపెట్టింది.

"ఆ కాయితంలో మనం ఉండి ఉంటే పెట్టేదాన్నేమ్మా" అంది తాయమ్మ. "మంచికో సెడ్డకో, మన పేరు ఉండి ఉంటే పెట్టేదాన్ని. మనం లేని కాయితం మీద పెడితే, ఈ వంక గట్టున మనుషులే లేరని నేనే సాచ్చిం సెప్పినట్టు గదా."

స్టెల్లా బయటకు వచ్చింది. బిడ్డను ఒళ్ళోకి లాక్కుని కొబ్బరినూనె పూసింది. పూయడం అయ్యాక, తల ఎత్తకుండానే అడిగింది: "ఆ మూసిన ఫైలు సంగతి అడగను వచ్చే సోమవారం అర్జీల దినానికి సిత్తూరు పోతానంటివే. ఎన్నిగంటల బస్సు?"

ఆ వచ్చిన సోమవారం నాడు పదకొండు మందీ బయలుదేరారు. చిత్తూరులో అర్జీలు తీసుకునే హాలులో వరుసలో నిలబడి నిలబడి, మధ్యాహ్నం అవుతుండగా బల్ల ముందుకు వచ్చారు. అక్కడ ప్రసన్నకుమారి అనే చిన్న వయస్సు ఉద్యోగిని కంప్యూటరు చూసి, నెమ్మదిగానే చెప్పింది:

"ఈ గ్రామం ఫైలు ముగిసిపోయిందమ్మా. నీళ్ళు బాగున్నాయని రిపోర్టు కూడా ఉంది."

"గ్రామం ఫైలు ముగిస్తే ముగియనీ తల్లీ. మా వాడ ఫైలు ఇంకా తెరవనే లేదు."

వెనుక నిలబడిన ఒక పెద్దమనిషికి ఓపిక చాలలేదు. "బిరిన కానీండమ్మా. ఒక్క పేరు కోసరం ఇంతసేపా!"

తాయమ్మ వెనక్కి తిరిగింది. "నీ భూమి పాసుబుక్కులో నీ పేరు బదులు పక్కింటోడి పేరు ఉంటే నువ్వు ఎంతసేపు నిలబడతావప్పా?"

ఆయన తన చేతిలోని పాసుబుక్కు వైపు చూసుకుని, "సరే తల్లీ, కానీ, కానీ" అని ఒక అడుగు వెనక్కి జరిగాడు.

తాయమ్మ బల్ల మీద మూడు కాగితాలు పరిచింది. వచ్చిన జవాబు, కరెంటు బిల్లు, మునిశేఖర్ మరిచిపోయిన టైపు కాగితం. ప్రసన్నకుమారి మూడింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదివింది. మళ్ళీ చదివింది.

"అయితే వాడకు వేరే బోరు ఉందా?"

"ఉండాది తల్లీ. నువ్వే మొదట అడిగినావు."

ముగిసిన ఫైలును తాను తెరవలేనని, వాడ పేరుతో కొత్త అర్జీ ఇస్తే కొత్త నంబరు పడుతుందని ఆమె చెప్పింది. బోరింగు ఎక్కడ ఉన్నదో హద్దులతో సహా రాయించమని, అర్జీదారు ఎవరో, ఎంతకాలంగా అక్కడ ఉంటున్నారో తెలిసిన పెద్దవారిచేత రాయించి జతచేయమని, ఫ్యాక్టరీ నడుస్తుండగానే తెమ్మని కూడా చెప్పింది. ఆ కారణంగానే ఈ పరిచయం రాయవలసి వచ్చింది.

చిత్తూరు బస్సు దిగి తాయమ్మ నేరుగా జిరాక్సు దుకాణం వరండాలోకి వచ్చింది. జయరావు కొత్త కాగితం తీసి, విషయం అని రాసి, ఎర్రసిరాతో గీత గీసి ఆగాడు.

"స్థలం చాలదేమో. ఏ ఏ డబ్ల్యూ అని క్లుప్తంగా రాయనా?"

"వద్దు. కుదించేది బిల్లోళ్ళు కుదించనీ. నువ్వు ఆరచ్చరాలూ రాయి."

ఆమె పక్కన నిలబడి, ఒక్కొక్క అక్షరం పడుతుండగా పైకి చదువుతూ, ఆది ఆంధ్రవాడ అన్నది పూర్తయ్యాక గాని కూర్చోలేదు.

ఈలోగా ఫ్యాక్టరీలో కాయ ఎక్కువై చేతులు చాలలేదు. మునిశేఖర్ కబురు పంపాడు; పది మందిని పిలుస్తాడట, తాయమ్మ మాత్రం గేటు దగ్గర కనబడకూడదట. ఆడవాళ్ళు ఆమె గడప ముందు గుంపుగా నిలబడి ఏమి చేయాలో తెలియక చూశారు.

"పొండే, పొండి" అని ఆమె తరిమినంత పని చేసింది. "పని మానుకోని నా ముందర కూసుంటే నాకేం లాభం? మీరు లోపల ఉంటేనే కదా కుంట తూము ఎప్పుడు ఎత్తేది మనకు తెలిసేది!"

పది మందీ వెళ్ళారు. వారం తిరిగేసరికి కుంట తూము ప్రతిదినం సాయంత్రం నాలుగు గంటలకు ఎత్తి అయిదున్నరకు దించుతారని, ఆదివారాలలో ఎత్తరని పదిమంది నోటా ఒకే మాటగా తెలిసింది. స్టెల్లా ఆ సంగతి చెప్పిన సాయంత్రం తాయమ్మ వంక గట్టున నిలబడి స్వయంగా చూసింది. నాలుగుంపావుకు నురుగు వచ్చింది. ఆమె ఇంటికి వచ్చి, తన చేతితో, ఆ వంకర గీతలతోనే, కరెంటు బిల్లు వెనుక రాసుకుంది: నాలుగుంపావు. ఆ బిల్లు నకలు అర్జీకి జతచేయడమైనది.

కావున సంబంధిత అధికారులకు, క్రింద సంతకం చేసిన జయరావు, విశ్రాంత నకలు గుమాస్తా, జన్మస్థలం ఐరాల మండలంలోని ఒక ఆది ఆంధ్రవాడ, సవినయంగా విన్నవించునది ఏమనగా: తాయమ్మ చెప్పినవన్నీ సత్యమని అతను ధ్రువీకరిస్తున్నాడు. నిరుటి అర్జీలో 'గ్రామస్థులు' అని రాసిన పొరపాటు తనదే గాని ఆమెది కాదని ఒప్పుకుంటున్నాడు. సీజన్ ముగియడానికి ఇక పద్దెనిమిది దినాలు మాత్రమే ఉన్నందున, ఆ గడువు దాటకముందే, ఆదివారం కాని ఒక దినాన, సాయంత్రం నాలుగుంపావు తరువాత, తూర్పున వంక, పడమర చర్చి గోడ హద్దులుగా గల చేతిపంపు నుండి, తాయమ్మ సమక్షంలో నీటి నమూనా తీయవలసిందిగా కోరుతున్నాడు. ఫలితం వచ్చేవరకు వాడకు తాగునీటిని ప్రభుత్వమే, ఎవరిచేతా ఏ కాగితం మీదా సంతకం పెట్టించకుండా, సరఫరా చేయవలసిందిగానూ, అర్జీ పెట్టిన కారణంగా ఆమెకు నిరాకరించిన పనిని తిరిగి ఇప్పించవలసిందిగానూ ప్రార్థిస్తున్నాడు. చివరగా, నమూనా సీసాకు అంటించే చీటీ మీద గ్రామం అని గాని, మూడు ఇంగ్లీషు అక్షరాలుగా గాని రాయక, నరిగుట్టపల్లె ఆది ఆంధ్రవాడ అని పూర్తిగా రాసి, సీసాను పెట్టెలో పెట్టకముందు ఆ చీటీని తాయమ్మచేత ఒకసారి చదివించవలసిందిగా మనవి.